ఇంట గెలవకుండానే రచ్చ గెలిచిన ఏడాది

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. 2009లో హైదరాబాదు జట్టు డెక్కన్ చార్జర్స్ ఆ వరుసను తిరగేసింది. అంతకు ముందు ఏడాది హైదరాబాదు ఉప్పల్ స్టేడియంలో ఆడిన ఏడు మ్యాచుల్లో ఏడూ ఓడిపోయిన జట్టు, ఏడాది తిరిగేసరికి దక్షిణాఫ్రికాలో ఐపీఎల్ కప్పు ఎత్తింది. ఫైనల్లో ఆ జట్టు ఓడించింది మా రాష్ట్రపు జట్టునే, బెంగళూరు రాయల్ చాలెంజర్స్‌ను.

తెలుగులో రాస్తూ బెంగళూరును మా రాష్ట్రపు జట్టు అంటున్నానేమిటని అనుకోవచ్చు. నేను రాయచూరు జిల్లా సింధనూరు తాలూకాలో ఒక క్యాంపులో పుట్టి పెరిగినవాణ్ణి. అక్కడే ఎరువుల కొట్టు నడుపుతున్నాను. 1953లో తుంగభద్ర డ్యామ్ నుంచి కాలువలకు నీళ్ళు వదిలాక గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు ఈ ఎడమ కాలువ కిందికి వలస వచ్చారు. తుమ్మచెట్లు కొట్టి, నల్లరేగడి చదును చేసి, మళ్ళు కట్టారు. పాకలు వేసుకుని ఉన్న చోటల్లా క్యాంపు అనే పేరు పడింది. పాకలు పోయి మేడలొచ్చినా ఆ పేరు అలాగే ఉంది. మా నాన్న పశ్చిమ గోదావరి నుంచి అలా వచ్చినవాడే.

మా ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో చేరేదాకా రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలోని జిల్లా. ఇప్పటికీ రాయచూరు పట్టణం నుంచి హైదరాబాదు, బెంగళూరు కన్నా చాలా దగ్గర. పెద్దాసుపత్రికి హైదరాబాదు వెళతాం, ప్రభుత్వ పనికి బెంగళూరు వెళతాం. ఈ రెండు నగరాల జట్లు ఒక రాత్రి కప్పు కోసం తలపడితే, మా జిల్లాలో అది ఇంటింటి వ్యవహారమైంది. ఆ సీజను గురించి నేను పూర్తిగా చెప్పాలనుకోవడానికి అదే కారణం.

అట్టడుగున మొదలు

ఐపీఎల్ 2008లో పుట్టింది. నగరానికో జట్టు, జట్టుకో యజమాని, ఆటగాళ్ళకు వేలం. వేలం సంగతి పక్కన పెడితే, అమెరికాలో బేస్‌బాల్ లీగులు వందేళ్ళకు పైగా నడుస్తున్న పద్ధతి ఇదే. అక్కడ ఒక్కో జట్టు సీజనుకు 162 మ్యాచులు ఆడుతుంది. అన్ని ఆటల్లో జట్టు బలం, బలహీనత రెండూ తేలిపోతాయి. ఐపీఎల్లో మొదట్లో ఎనిమిది జట్లు, ఒక్కోదానికి 14 లీగ్ మ్యాచులు. ఇంత చిన్న సీజన్లో ఒక వారం బాగుంటే పైకి, ఒక వారం చెడితే కిందికి.

హైదరాబాదు జట్టును డెక్కన్ క్రానికల్ సంస్థ 10 కోట్ల 70 లక్షల డాలర్లకు కొంది. కాగితం మీద ఆ జట్టును చూస్తే భయమేసేది. ఆడమ్ గిల్‌క్రిస్ట్, ఆండ్రూ సైమండ్స్, హెర్షెల్ గిబ్స్, షాహిద్ అఫ్రిది, కుర్రాడు రోహిత్ శర్మ. కెప్టెన్ మన వీవీఎస్ లక్ష్మణ్. తనకు రావలసిన ఐకాన్ హోదాను లక్ష్మణ్ వదులుకున్నాడు. ఐకాన్ ఆటగాడికి జట్టులో అందరికన్నా ఎక్కువ డబ్బివ్వాలన్నది అప్పటి నియమం. ఆ హోదా వద్దంటే ఆ డబ్బుతో జట్టు ఇంకొకరిని కొనుక్కోవచ్చు. అంత పెద్దమనసు చూపినా ఫలితం దక్కలేదు. 14 మ్యాచుల్లో రెండే గెలుపులు, ఆ రెండూ బయటే, ముంబైలో ఒకటి, చెన్నైలో ఒకటి. ఉప్పల్లో రాజస్థాన్ మీద సైమండ్స్ 117 పరుగులు చేసి అజేయంగా నిలిచినా, 215 పరుగుల లక్ష్యాన్ని షేన్ వార్న్ జట్టు చివరి ఓవర్లో కొట్టేసింది. ఆ చివరి ఓవరు వేసిందీ సైమండ్సే. పట్టికలో హైదరాబాదుది ఎనిమిదో స్థానం.

ఎవరికీ సొంతగడ్డ లేని సీజను

2009 వేసవిలో లోక్‌సభ ఎన్నికలొచ్చాయి. పోలింగుకూ, మ్యాచులకూ ఒకేసారి బలగాలను ఇవ్వడం కష్టమని ప్రభుత్వం చెప్పడంతో ఐపీఎల్ మొత్తాన్ని దక్షిణాఫ్రికాకు తరలించారు. ఏప్రిల్ 18న కేప్‌టౌన్‌లో మొదలై మే 24న జొహానెస్‌బర్గ్‌లో ముగిసింది. మ్యాచులు మన టైములో సాయంత్రం 4 గంటలకూ, రాత్రి 8 గంటలకూ వచ్చేవి.

మాకది రబీ వరికోతల కాలం. పొలాల్లో హార్వెస్టర్లు తిరుగుతుంటాయి, రోడ్ల మీద వడ్లు ఆరుతుంటాయి, రైతులు ఎరువుల పాతబాకీలు తీర్చడానికి కొట్టుకొస్తారు. ఆ ఏడు నా కొట్లో టీవీ ముందు బెంచీలు వేయించాను. కరెంటు పోతే ఆట ఆగకుండా ఇన్వర్టరుంది. కోతలైన మడిలో పొద్దంతా టెన్నిస్ బంతితో ఆడుకునే కుర్రాళ్ళు చీకటి పడగానే వచ్చి కూర్చునేవాళ్ళు. పక్క ఊరి కన్నడ రైతులూ వచ్చేవారు. వాళ్ళలో జొన్న, పత్తి వేసే నా స్నేహితుడొకడు బెంగళూరు స్పిన్నర్ కుంబ్లేకు వీరాభిమాని.

ఈసారి డెక్కన్ కెప్టెన్ గిల్‌క్రిస్ట్, కోచ్ డారెన్ లీమన్. మొదటి మ్యాచులోనే కోల్‌కతాను 101 పరుగులకు పడగొట్టి ఎనిమిది వికెట్లతో గెలిచారు. ఎడమచేతి పేసర్ ఆర్.పి.సింగ్‌కు నాలుగు వికెట్లు. తర్వాత బెంగళూరు మీద 24 పరుగులతో, ముంబై మీద 12 పరుగులతో, చెన్నై మీద ఆరు వికెట్లతో గెలుపులు. నిరుడు పద్నాలుగు మ్యాచుల్లో రెండు గెలిచినవాళ్ళు ఇప్పుడు వరుసగా నాలుగు గెలిచారు.

ఆ వెంటనే మూడు ఓటములు. ఢిల్లీ, రాజస్థాన్, చెన్నై ముగ్గురూ ఓడించారు. చెన్నై చేతిలో 78 పరుగుల తేడా. అక్కడి నుంచి ఒకటి గెలిస్తే ఒకటి ఓడుతూ సాగింది. మే 6న సెంచూరియన్‌లో ముంబై సునాయాసంగా గెలిచేలా కనబడుతున్నప్పుడు, బ్యాట్స్‌మన్‌గానే తెలిసిన రోహిత్ శర్మకు గిల్‌క్రిస్ట్ బంతి ఇచ్చాడు. రోహిత్ రెండు ఓవర్లలో ఆరు పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీశాడు, అందులో హ్యాట్రిక్. తర్వాత్తర్వాత అదే ముంబైకి ఐదు ఐపీఎల్ కప్పులు గెలిపించిన కెప్టెన్ అతనే. రోహిత్ తల్లిగారిది విశాఖపట్నమని మా బెంచీల మీద అందరికీ తెలుసు. "విశాఖ ఆడపడుచు కొడుకురా, మనవాడే" అని మా మావయ్య ప్రతి వికెట్టుకూ అనేవాడు.

మే 16న కోల్‌కతా మీద చివరి ఓవర్లో 21 పరుగులు కావాలి. రోహిత్ ఆఖరి బంతిని సిక్సర్ కొట్టి గెలిపించాడు. మర్నాడే పంజాబ్ చేతిలో ఒక్క పరుగు తేడాతో ఓటమి, ఈసారి హ్యాట్రిక్ యువరాజ్ సింగ్‌ది. మే 21న ఆఖరి లీగ్ మ్యాచులో బెంగళూరు తరఫున ఆడుతున్న కర్ణాటక కుర్రాడు మనీష్ పాండే 114 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు. ఐపీఎల్లో సెంచరీ కొట్టిన మొదటి భారతీయుడు అతనే. డెక్కన్ మళ్ళీ ఓడింది. ఆ రాత్రి నా కొట్లో కన్నడవాళ్ళ కేకలు రోడ్డు దాకా వినబడ్డాయి. మా తెలుగు కుర్రాళ్ళు కూడా లేచి చప్పట్లు కొట్టారు.

సగం ఓడిన జట్టు సెమీస్‌కు ఎలా వెళ్ళింది

లీగ్ ముగిసేసరికి డెక్కన్ ఏడు గెలిచి ఏడు ఓడింది. గెలుపుకు రెండు పాయింట్ల చొప్పున 14 పాయింట్లు. పంజాబ్‌కూ సరిగ్గా 14. సెమీఫైనల్లో నాలుగో చోటు ఒకటే మిగిలి ఉంది.

ఇలాంటప్పుడు నెట్ రన్ రేట్ చూస్తారు. సీజను మొత్తం మీద మన జట్టు ఓవరుకు సగటున ఎన్ని పరుగులు చేసిందో లెక్కగడతారు. ఎదుటి జట్లు మన మీద ఓవరుకు సగటున ఎన్ని చేశాయో అందులోంచి తీసేస్తారు. మిగిలింది ఎంత ఎక్కువుంటే అంత మేలు. పాయింట్లు సమానమైనప్పుడు ఎంత గట్టిగా గెలిచారు, ఎంత కొద్దిలో ఓడారు అన్నది దీంతో తెలుస్తుంది. మొదటి మ్యాచులో కోల్‌కతాను 101కే ఆపి ఓవర్లు మిగిలుండగానే కొట్టేయడం, రాజస్థాన్‌ను 53 పరుగులతో చిత్తు చేయడం డెక్కన్‌కు ఇక్కడ అక్కరకొచ్చాయి. చివరి రెండు ఓటములు ఒక పరుగుతో, 12 పరుగులతో మాత్రమే కావడమూ కాపాడింది. పోయిన మ్యాచును కూడా ఆఖరి బంతి దాకా వదలకుండా ఆడినందుకు దక్కిన ఫలమది. ఓడిపోయాక ఇంకేముందని బ్యాటు కింద పడేసే పిల్లలకు నేను ఈ లెక్కే చెబుతుంటాను.

మే 22న సెమీఫైనల్. ఎదురుగా 20 పాయింట్లతో పట్టికలో మొదటి స్థానంలో ఉన్న ఢిల్లీ. లీగ్‌లో రెండుసార్లూ డెక్కన్‌ను ఓడించిన జట్టు. ఢిల్లీ 153 చేసింది. గిల్‌క్రిస్ట్ మొదటి ఓవర్లోనే ఐదు ఫోర్లు కొట్టాడు. 17 బంతుల్లో యాభై, మొత్తం 35 బంతుల్లో 85. అతను అవుటయ్యేసరికి మ్యాచు చేతికొచ్చేసింది. మర్నాడు రెండో సెమీస్‌లో బెంగళూరు చెన్నైని ఓడించింది.

మే 24, వాండరర్స్

ఆ ఆదివారం పొద్దున్నుంచి మా తాలూకాలో ఇదే మాట. సింధనూరు బజారులో కన్నడ స్నేహితులు ఎదురైతే, "ఏను అణ్ణా, యారిగె సపోర్టు?" (ఏం అన్నా, ఎవరికి సపోర్టు?) అని నిలదీసేవారు. క్యాంపు ఇళ్ళల్లోనూ ఒక్క మాట మీద లేరు. పెద్దవాళ్ళు హైదరాబాదు. కన్నడ బడిలో చదివి, కుంబ్లే, ద్రావిడ్‌ల ఫొటోలు పుస్తకాలకు అంటించుకున్న పిల్లలు బెంగళూరు. మా ఇంట్లోనూ అంతే.

జొహానెస్‌బర్గ్ వాండరర్స్‌లో టాస్ గెలిచిన బెంగళూరు కెప్టెన్ కుంబ్లే ఫీల్డింగ్ తీసుకున్నాడు. మొదటి ఓవరు తానే వేశాడు. మూడో బంతికి గిల్‌క్రిస్ట్ బౌల్డ్, సున్నా. కొట్లో సగం బెంచీలు ఎగిరి గంతేశాయి, సగం బిగుసుకుపోయాయి. ఆ రోజు కుంబ్లేకు 38 ఏళ్ళు. టెస్టుల నుంచి రిటైరై ఆరు నెలలు దాటింది. నాలుగు ఓవర్లలో 16 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీశాడు. గిల్‌క్రిస్ట్, సైమండ్స్, రోహిత్, విశాఖ కుర్రాడు వేణుగోపాలరావు నలుగురూ అతనికే చిక్కారు. ఒక ఫైనల్లో అంతకు మించిన బౌలింగ్ నేను చూడలేదు.

అవతలి కొసలో గిబ్స్ కదలలేదు. 2006లో ఇదే మైదానంలో ఆస్ట్రేలియా 434 కొడితే, దక్షిణాఫ్రికా దాన్ని ఛేదించిన వన్డేలో 175 చేసినవాడు గిబ్స్. అంత ధాటిగా ఆడగలిగినవాడు ఆ రాత్రి 48 బంతుల్లో 53 చేసి చివరిదాకా నిలబడ్డాడు. డెక్కన్ 143కు ఆరు వికెట్లు.

144 పెద్ద లక్ష్యం కాదు. వాన్ డెర్ మెర్వ్ 21 బంతుల్లో 32 కొట్టాడు. కానీ ప్రజ్ఞాన్ ఓఝా స్పిన్‌తో మూడు వికెట్లు తీశాడు. రాస్ టేలర్ లెక్క తేల్చేస్తాడనుకున్నప్పుడు సైమండ్స్ అతన్ని అవుట్ చేశాడు. తర్వాతి బంతికే ఇరవై ఏళ్ళ విరాట్ కోహ్లి ముందుకొచ్చి ఆడబోతే గిల్‌క్రిస్ట్ స్టంప్ చేశాడు. బ్యాటుతో సున్నా చుట్టిన కెప్టెన్ చేతులే మ్యాచును మలుపు తిప్పాయి. చివరి ఓవరుకు 15 కావాలి. ఆర్.పి.సింగ్ ఎనిమిదే ఇచ్చాడు. 137కు తొమ్మిది వికెట్లు, ఆరు పరుగుల తేడాతో కప్పు హైదరాబాదుది.

మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ మాత్రం ఓడిన కెప్టెన్ కుంబ్లేకే ఇచ్చారు. నా స్నేహితుడు కళ్ళు తుడుచుకుంటూ, "మా కుంబ్లే గెలిచాడు అణ్ణా, జట్టు ఓడింది" అన్నాడు. నేను అతని భుజం మీద చెయ్యి వేసి, నిజమేనన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. సీజనంతటికీ మేటి ఆటగాడు 495 పరుగుల గిల్‌క్రిస్ట్. ఎక్కువ వికెట్లకు ఇచ్చే పర్పుల్ క్యాప్ 23 వికెట్ల ఆర్.పి.సింగ్‌ది. మేటి కుర్ర ఆటగాడు రోహిత్.

పరాయి నేల మీదే ఎందుకు

అదృష్టమని చాలామంది తీసిపారేశారు. నేను ఒప్పుకోను. ఉప్పల్‌లో హైదరాబాదుకు కలిసిరానివి దక్షిణాఫ్రికాలో కలిసొచ్చాయి. బంతి లేచే పిచ్‌ల మీద గిల్‌క్రిస్ట్ పుల్ షాట్లు బంగారం. ఆర్.పి.సింగ్‌కు కొత్త బంతి స్వింగ్ అయింది. ఫిడెల్ ఎడ్వర్డ్స్, రయాన్ హారిస్‌ల వేగానికి పిచ్ తోడైంది. గిబ్స్‌కు అది సొంత దేశం. అన్నిటికన్నా పెద్ద సంగతి, ఆ ఏడాది ఎనిమిది జట్లలో ఎవరికీ సొంత ప్రేక్షకుల అండ లేదు. అందరూ వలస వచ్చినవాళ్ళే. అప్పుడు తేడా తెచ్చేది పేరు కాదు, కొత్త చోట ఎంత త్వరగా కుదురుకున్నారన్నదే.

ఇది మా క్యాంపులవాళ్ళకు చెప్పక్కర్లేదు. మా నాన్న తరం సొంత ఊళ్ళో కౌలుకు కూడా నేల దొరకని స్థితిలో ఇక్కడికొచ్చి, సోనా మసూరి పండించింది. అందులో మా కష్టం ఎంతుందో, చవగ్గా భూములు అమ్ముకున్న ఇక్కడి రైతుల నష్టమూ అంతుంది. ఆ సంగతి మరిచిపోయి గొప్పలు చెప్పుకోవడం నాకు నచ్చదు. అందుకే ఆ రాత్రి మావాళ్ళు టపాకాయలు తెస్తామంటే, వద్దన్నాను. పక్కన కూర్చున్నవాడు ఏడుస్తున్నప్పుడు పేల్చే టపాకాయ గెలుపుకు శోభ కాదు.

డెక్కన్‌కు ఇల్లు ఆ తర్వాతా కలిసిరాలేదు. 2009 అక్టోబరులో చాంపియన్స్ లీగ్ కోసం ఉప్పల్ తిరిగొచ్చి, సోమర్‌సెట్ చేతిలో, ట్రినిడాడ్ చేతిలో ఓడి మొదట్లోనే ఇంటిదారి పట్టింది. 2010లో తెలంగాణ ఉద్యమం నడుస్తుండగా హైదరాబాదు మ్యాచుల్ని నాగపూర్, కటక్, నవీ ముంబైలకు మార్చారు. ఆ ఏడాదీ బయటే ఆడి సెమీఫైనల్ చేరింది. 2012 సెప్టెంబరులో బీసీసీఐ ఆ ఫ్రాంచైజీని రద్దు చేసింది. సన్ టీవీ సంస్థ హైదరాబాదుకు కొత్తగా సన్‌రైజర్స్‌ను తెచ్చింది. 2016 మే 29న ఆ సన్‌రైజర్స్ ఫైనల్ గెలిచింది కూడా బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో, బెంగళూరు మీదే, ఎనిమిది పరుగులతో. డేవిడ్ వార్నర్ కెప్టెన్. ఆ సీజన్లో 973 పరుగులు చేసిన కోహ్లి మళ్ళీ ఓడినవాళ్ళ వరసలో నిలబడ్డాడు.

బెంగళూరు మొదటి కప్పు 2025 జూన్ 3న వచ్చింది, అహ్మదాబాదులో, పంజాబ్ మీద, సరిగ్గా ఆరు పరుగుల తేడాతోనే. అదీ ఇంటి బయటే. ఈసారి నా స్నేహితుడి ఊరేగింపులో మా క్యాంపు కుర్రాళ్ళు ముందు నడిచారు. మర్నాడు చిన్నస్వామి దగ్గర తొక్కిసలాటలో పదకొండు మంది చనిపోయారు. ఆట చూడ్డానికెళ్ళిన పిల్లలు తిరిగిరాని ఇళ్ళను తలచుకుంటే ఏ కప్పూ వద్దనిపిస్తుంది. అభిమానం ఎంత పెద్దదో, అభిమానుల్ని కాపాడే బాధ్యత అంత పెద్దది కావాలి.

మా జిల్లావాడి కప్పులు

రాయచూరు నుంచి కప్పులు గెలిచినవాడు లేడా అని పిల్లలు అడుగుతారు. ఉన్నాడు. యెరే గౌడ్ 1971లో రాయచూరులో పుట్టాడు. కర్ణాటకకు ఆడాడు. ద్రావిడ్‌లాంటి వాళ్ళున్న బ్యాటింగ్ వరసలో చోటు కష్టమైన కాలమది. రైల్వేస్ జట్టుకు వెళ్ళాడు. అంతవరకూ ఒక్కసారి కూడా రంజీ ట్రోఫీ గెలవని రైల్వేస్ 2001-02లో మొదటిసారి, 2004-05లో రెండోసారి గెలిచింది. రెండు జట్లలోనూ మధ్యవరసకు దిట్టమైన ఆధారం యెరే గౌడ్. తర్వాత కర్ణాటకకు తిరిగొచ్చి ఆడాడు. టీవీల్లో పెద్దగా కనబడలేదు, భారత జట్టుకు ఆడలేదు. కానీ గంటల తరబడి క్రీజు వదలకుండా ఆడే అతని తీరు తెలిసినవాళ్ళు ఆ పేరు గౌరవంతోనే పలుకుతారు.

కర్ణాటక క్రికెట్ సంఘంలో రాయచూరు పేరుతో ఒక జోన్ ఉంది. సింధనూరు, మాన్వి, లింగసుగూరు, దేవదుర్గ మళ్ళల్లో టెన్నిస్ బంతితో ఆడే పిల్లలకు తోలుబంతి, మంచి పిచ్, చెప్పే గురువు దొరకాలంటే ఆ జోన్ తాలూకాల దాకా రావాలి. అప్పటిదాకా నా కొట్టు ముందుకొచ్చే ప్రతి పిల్లాడికీ, తెలుగువాడైనా కన్నడవాడైనా, యెరే గౌడ్ సంగతీ 2009 డెక్కన్ సంగతీ కలిపే చెబుతున్నాను. ఇంట్లో చోటు దొరికితే ఇంట్లో ఆడు. దొరక్కపోతే దొరికిన చోటికెళ్ళి, ఆ నేలను సొంతం చేసుకుని ఆడు. ఏడు ఓడినా ఎనిమిదోది మిగిలే ఉంటుంది.